పాతగని కేబుల్ సమ్మతి పత్రాలు

నమోదు 1. ఫిబ్రవరి 11. కేబుల్ వేడి 61 డిగ్రీలు.

చేతివ్రాత చట్టం ప్రకారం నియమితుడైన సాక్షి తన పుస్తకాన్ని ప్రమాణంతో ఆరంభించాలి. కనుక వ్రాస్తున్నాను. ముప్పై నాలుగు సంవత్సరాలు తెలుగు పండితుడిగా పనిచేసి విరమించిన కొండూరు శేషగిరి అనే నేను, ఇందులో చూసినదే వ్రాస్తాను, విన్నదే వ్రాస్తాను, ఒకసారి వ్రాసినదాన్ని కొట్టివేయను. ప్రణాళికా మండలి వారు పంపిన ప్రమాణ పాఠంలో రెండు దోషాలున్నాయి. సరిదిద్ది వ్రాశాను.

ఎండలకు తాళలేక మేమంతా నేల కింద కాపురముంటున్న ఈ పాత రాతిగనిలోకి సబ్‌స్టేషన్ ఏఈ హిమజ ఉదయం దిగివచ్చింది. పైన ఎండ ముదరకముందే తిరిగి ఎక్కాలన్న తొందరలో కూర్చోకుండానే మాట్లాడింది.

“మాస్టారూ, కొత్త కేబుల్ డ్రమ్ము మా ఆవరణలో దింపి నెలవుతోందండీ. ప్రణాళికా మండలి ఆమోదం లేనిదే గునపం వెయ్యడానికి లేదు. కేబుల్ మీ ఇళ్ళ నేల కిందుగా పోవాలి. ఇంటికొక సమ్మతి పత్రం కావాలి. ఎవరి చేత్తో వాళ్ళే రాయాలి.”

“ఈ గనిలో నలభై నాలుగు ఇళ్ళున్నాయమ్మా. కలం పట్టగలవారు ఎందరో తెలుసా?”

“తెలిసే మీ దగ్గరికొచ్చాను.”

మాటను, ముఖాన్ని, సంతకాన్ని యంత్రాలు పుట్టించడం మొదలైన నాటి నుంచి, మనిషి చేతి బరువు పడిన కాగితానికి తప్ప దేనికీ విలువ లేదు. కాని నోటితో పలికితే గోడే వ్రాసిపెట్టే ఇళ్ళలో పెరిగినవారికి కలం అవసరం ఎప్పుడు కలిగింది? మా పాఠశాలలో వ్రాత తరగతిని ఎత్తివేసిన నాడు నేనొక్కడినే నిరసన తెలిపాను. నన్ను చూసి నవ్వినవారి పిల్లలే ఇప్పుడు నా గడప ముందు నిలబడతారు.

ఇంటికి మూడు ప్రభుత్వ పత్రాలు ఇచ్చారు. మార్చి నెలాఖరు గడువు. ఇప్పుడున్న పాత కేబుల్ ఎనభై ఐదు డిగ్రీలకు చేరితే రక్షణ యంత్రం సరఫరాను తెంచివేస్తుంది. అప్పుడు గనిలోకి గాలి పంపే గాలిమరలు, నీళ్ళ మోటారు, చల్లసాల, అన్నీ ఆగిపోతాయి.

నమోదు 2. ఫిబ్రవరి 15. వేడి 62.

నీళ్ళ వంతు ముగిశాక వీధి చివరి అరలో తరగతి పెట్టాను. ముప్పై ఒక్క మంది వచ్చారు. కలాన్ని కొందరు గరిటెలా, కొందరు సమ్మెటలా పట్టుకున్నారు. లైన్‌మన్ ఖాదర్‌బాషా మా గనివాడే, పన్నెండో ఇల్లు. అతడు మొదటి అక్షరం దగ్గరే చెమటలు కక్కాడు.

“సార్, ఈ ‘మ’ చుట్టేలోపల చెయ్యి పట్టేస్తాంది. స్తంభం ఎక్కేది ఇంతకంటే సుళువు.”

“స్తంభం మీద నుంచి పడితే ఒక్కడివే పడతావు. ఇక్కడ తప్పితే గని అంతా పడుతుంది. మళ్ళీ చుట్టు.”

“చుట్టుతాండా సార్. నా తల కూడా చుట్టుతాంది.”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వితే క్రమశిక్షణ పోతుంది.

నన్ను వీరిలో కొందరు “అయివారు” అంటారు. “అయ్యవారు” అనాలని నాలుగుసార్లు చెప్పి మానుకున్నాను.

నమోదు 3. ఫిబ్రవరి 28. వేడి 66.

వర్ణమాల నేర్పడానికి వ్యవధి లేదు. పత్రంలో ఉండవలసినవి రెండే వాక్యాలు: “మా ఇంటి నేల కింద కొత్త విద్యుత్ కేబుల్ వేయడానికి మనస్ఫూర్తిగా సమ్మతిస్తున్నాను. ఇది నేను నా చేతితో వ్రాశాను.” వీటిని ఇంటికొక పలక చొప్పున నా దస్తూరీతో వ్రాసి ఇచ్చాను. దాని మీదే రోజుకు నూరుసార్లు దిద్దాలి. మా తండ్రిగారు నా చేత ఇలాగే దిద్దించారు. తలకట్టు నా తలకట్టు మీద పడాలి, సున్న నా సున్నలో ఇమడాలి. వెంట్రుకవాసి పక్కకు పోయినా పలక తుడిపించి మళ్ళీ మొదలుపెట్టించాను. పది రోజుల్లోనే ఫలితం కనిపించింది. కోడి కెలికినట్లున్న చేతుల నుంచి ముత్యాలు రాలుతున్నాయి.

ఇరవై ఏడో ఇంటి చౌడమ్మ మాత్రం ఒక్కనాడూ దిద్దడానికి రాలేదు. బండలు చెక్కే మనిషి. చనిపోయినవారి పేర్లు నాపరాళ్ళ మీద చెక్కి గని నోటి దగ్గర నిలబెట్టేది ఆమెయే. కుడిచేతి రెండు వేళ్ళు ఎప్పుడో రాయి కింద పోయాయి. పని అంతా ఎడమ చేతితోనే.

ఈరోజు పత్రం ఇంటి దగ్గరే వ్రాసి తెచ్చింది.

“ఇందండి అయివారా. రాసినా. సంతకం పెట్టియ్యండి.”

చూసి నివ్వెరపోయాను. తెలుగు అక్షరానికి గుండ్రదనమే ప్రాణం. ఆమె అక్షరాల్లో వంపు అన్నది లేదు. సున్న నాలుగు మూలల గడిలా ఉంది. తలకట్లు ఉలి దెబ్బల్లా పైకి లేచాయి. కాగితం మూడు చోట్ల చిరిగింది.

“ఇది వ్రాత కాదు, గోడకు కొట్టిన మేకులు. పై అధికారులు చూస్తే నా ముఖాన ఉమ్ముతారు. పలక తీసుకుని అందరితో కూర్చో.”

“నా చెయ్యి ఇంతే అయివారా. రాతి మీద బతికిన చెయ్యి. పూలు కట్టమంటే యాడ కడతాది? చదివితే తెలుస్తాది కదా?”

“తెలిస్తే చాలదు. చూడదగినట్లు ఉండాలి.”

ఆ పత్రాన్ని ఆమె ఎదుటే చింపివేశాను. సాక్షికి ఆ అధికారం ఉంది.

నమోదు 4. మార్చి 10. వేడి 69.

చౌడమ్మ రెండో పత్రం తెచ్చింది. మొదటిదానికంటే మెరుగు ఏమీ లేదు. చింపివేశాను.

ఈసారి ఆమె కదలలేదు. “ఒక్కసారి నాతో రండి,” అని చల్లసాలకు తీసుకువెళ్ళింది. పురిటి పిల్లలను, వడదెబ్బ తగిలినవారిని ఉంచే అర అది. మూడో మంచం మీద ఆమె భర్త నాగన్న ఉన్నాడు. నలభై ఏళ్ళు రాయి కోశాడు. ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మే. ముక్కుకు గొట్టం, పక్కన శ్వాసయంత్రం. ఆ యంత్రం పొంగుతుంటేనే అతని ఛాతీ పొంగుతోంది.

“ఈయప్ప ఊపిరి మీ కేబుల్‌లో నుంచి వస్తాది అయివారా. ఎండలు ముదిరేలోపల కొత్తది పడాల. నా కాగితం చింపేటప్పుడు ఈ మంచం గుర్తు పెట్టుకోండి.”

నాగన్న కళ్ళు తెరిచి నన్ను చూశాడు. గొట్టం పక్కకు తీసి, ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి పెట్టి అన్నాడు. “దానితో... పెట్టుకోవద్దు... సార్. నేనే... గెల్చలేదు.”

చౌడమ్మ అతని చెయ్యి మీద ఒకటి వేసి గొట్టం తిరిగి పెట్టింది.

నా కారణం ఇక్కడ వ్రాయడం ధర్మం. నలభై మూడు పత్రాలు అచ్చు వేసినట్లు ఉండగా ఒకటి అలా ఉంటే, గని అంతటికీ, నాకూ మచ్చ.

నమోదు 5. మార్చి 23. వేడి 73.

పత్రాలన్నీ పూర్తయ్యాయి. నా ఇంటి అరుగు మీద వరుసగా పరిచి చూసుకున్నాను. నా పత్రాన్ని కూడా వాటిలో కలిపాను. నాది ఏదో నేనే పోల్చుకోలేనంతగా కుదిరాయి. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏ తరగతిలోనూ ఇంతటి ఫలితం రాలేదు.

చౌడమ్మ తన మూడో పత్రాన్ని, అంటే చివరిదాన్ని, అరుగు మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడింది. అవే మేకులు.

“చింపండి. ఇంక కాగితం లేదు. నా ఇల్లు లేకుండానే కేబుల్ పోనిస్తారేమో అడగండి.”

ఖాదర్‌బాషా కల్పించుకున్నాడు. “సార్, నా దండం పెడతా. వేడి డెబ్బై మూడు. పెట్టెయ్యండి సార్.”

సంతకం చేశాను. కాని సాక్షి వ్యాఖ్య అనే గడిలో “అక్షరాలు వికృతం, వ్రాసినవారి అసమర్థతను మన్నించ ప్రార్థన” అని వ్రాశాను. పత్రాల కట్టలో దాన్ని అన్నింటికన్నా అడుగున పెట్టి సబ్‌స్టేషన్‌కు స్వయంగా మోసుకువెళ్ళి ఇచ్చాను. ఆవరణలో కొత్త కేబుల్ డ్రమ్ము నా కన్నా ఎత్తుగా, నల్లగా, ఎండలో కాలుతూ ఉంది.

“మాస్టారూ, ఎంత బాగున్నాయండీ!” అంది హిమజ. ఆ మాట విని మెట్లన్నీ ఆగకుండా దిగాను.

నమోదు 6. ఏప్రిల్ 12. వేడి 77.

ప్రణాళికా మండలి దరఖాస్తును తిరస్కరించింది.

కారణం వారి మాటల్లోనే ఎత్తి వ్రాస్తున్నాను: “సమర్పించిన నలభై నాలుగు పత్రాలలో నలభై మూడు ఒకే వ్యక్తి చేతివ్రాతగా పరిశీలన యంత్రం నిర్ధారించింది. వేరొక వ్యక్తి వ్రాసినది ఒక్కటి మాత్రమే: ఇరవై ఏడో ఇల్లు. సాక్షిపై విచారణ జరుగుతుంది. తిరస్కృత దరఖాస్తును అరవై దినాల వరకు మళ్ళీ స్వీకరించరు.”

హిమజ ఈ కాగితాన్ని నా చేతికిచ్చి గోడ వైపు చూస్తూ నిలబడింది. అరవై దినాలంటే మే నెల మొత్తం పోతుంది.  

నమోదు 7. ఏప్రిల్ 16. వేడి 78.

సబ్‌స్టేషన్‌లోని తెర మీద విచారణ జరిగింది. నాతో ఖాదర్‌బాషా, మరి ఆరుగురు వచ్చారు. చౌడమ్మ కూడా వచ్చి తలుపు దగ్గర కూర్చుంది.

“వీరంతా నా శిష్యులు. నా దస్తూరీని దిద్ది నేర్చుకున్నారు. వ్రాత నాలా ఉండడం నేరమా?” అని అడిగాను.

విచారణాధికారి మర్యాదస్థుడే. “అయితే ఇప్పుడు మా ఎదుట వ్రాయించండి,” అన్నాడు.

ఖాదర్‌బాషా రెండు వాక్యాలూ వ్రాశాడు. ఒక్క వంపు తప్పలేదు. నాకు ధైర్యం వచ్చింది.

“బాగుంది. ఇప్పుడు మీ పేరు వ్రాయండి,” అన్నాడు అధికారి.

ఖాదర్‌బాషా నా వైపు చూశాడు. “సార్, పేరు మీరు నేర్పలేదు కదా.”

“పోనీ, ‘నీళ్ళు’ అని వ్రాయండి.”

అతడు కలం కింద పెట్టాడు. మిగిలిన ఆరుగురూ తలలు వంచుకున్నారు.

“మీరు వ్రాసినదాంట్లో కేబుల్ అన్న మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపగలరా?”

ఒకడు “సమ్మతి” మీద వేలు పెట్టాడు.

“వీరు వ్రాయలేదు మాస్టారూ. బొమ్మ గీశారు. దేనికి ఒప్పుకున్నారో చదవలేనివారి సమ్మతిని నేనెలా తీసుకోను?” అన్నాడు అధికారి. ఆ స్వరంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

“నా పత్రమైనా నిజమైనదే కదా,” అన్నాను.

పత్రాల మీద అచ్చైన పేర్లు కప్పివేసి నలభై మూడింటినీ తెర మీదకు తెచ్చాడు. “మీది చూపండి.”

ఎంతసేపు చూశానో తెలియదు. రెండో వరుసలో ఐదవదాన్ని చూపాను. పేరు మీది కప్పు తొలగించాడు. అది ఖాదర్‌బాషాది.

అధికారి చౌడమ్మను పిలిచి ‘నీళ్ళు’ అని వ్రాయమన్నాడు. ఆమె ఎడమ చేత్తో కలాన్ని ఉలిలా పట్టుకుని వ్రాసింది. అడగకుండానే దాని కింద ‘నాగన్న’ అని వ్రాసింది.

నా సాక్షిత్వం రద్దయింది. నా దస్తూరీని కల్పిత వ్రాతల పట్టికలో చేర్చారు. ఇక మీదట ఆ దస్తూరీలో ఏ పత్రం వచ్చినా చెల్లదు. ఈ పుస్తకాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. ప్రమాణం చేశాను కనుక వ్రాస్తూనే ఉన్నాను.

నమోదు 8. మే 20. వేడి తెలియదు.

నిన్న మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు కేబుల్ ఎనభై ఐదు డిగ్రీలకు చేరింది. సరఫరా తెగింది.

ముందు గాలిమరల చప్పుడు ఆగింది. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే పెరిగినవారు ఒక్కసారిగా మాటలు ఆపేశారు. చల్లసాల బ్యాటరీ నలభై నిమిషాలు నిలిచింది. ఆ వ్యవధిలో పసిపిల్లలను తడిగుడ్డల్లో చుట్టి మెట్లెక్కి, సరఫరా ఉన్న సబ్‌స్టేషన్ గదిలోకి చేర్చాం. నాగన్నను మెట్ల మీదుగా ఎక్కించడం సాధ్యం కాలేదు. యంత్రం బరువు, గొట్టాలు. పైన ఎండ యాభై మూడు డిగ్రీలు.

బ్యాటరీ ఆగాక చౌడమ్మ చేటతో విసరడం మొదలుపెట్టింది. నేను తడిగుడ్డ పట్టుకుని మంచం ఈవల నిలబడ్డాను. ఆమె నా వైపు చూడలేదు. నాగన్నతోనే మాట్లాడుతోంది.

“పీల్చు. ఇంగొకటి. అంతే. ఇంగొకటి పీల్చు నాయనా.”

మూడున్నరకు అతడు పీల్చడం మానుకున్నాడు. ఆమె మాత్రం నాలుగింటి వరకు విసిరింది.

ఖాదర్‌బాషా కాలిన జాయింటును విప్పి సరఫరా తిరిగి ఇచ్చేసరికి ఆరైంది. శ్వాసయంత్రం తనంతట తానే మొదలై, ఎవరూ లేని గొట్టంలోకి గాలి కొట్టసాగింది. చౌడమ్మ లేచి స్విచ్ తీసింది.

నమోదు 9. జూన్ 14. వేడి 79. సగం ఇళ్ళకు ఒక పూట, సగానికి ఒక పూట సరఫరా.

అరవై దినాలు గడిచాయి. కొత్త పత్రాలు వచ్చాయి. పక్క గని నుంచి కొత్త సాక్షిని పంపారు. తరగతి ఇప్పుడు ఇరవై ఏడో ఇంట్లో జరుగుతోంది. ఎవరూ నాకు చెప్పలేదు. అటుగా వెళుతూ చూశాను.

ఆమె ఎవరికీ తన వ్రాతను దిద్దడానికి ఇవ్వడం లేదు. ముందు వారివారి పేర్లు, తర్వాత ఇంట్లోవారి పేర్లు, తర్వాత నీళ్ళు, సంకటి, రాయి. సుద్దతో బండ మీద ఎవరికి వచ్చినట్లు వారు వ్రాస్తున్నారు. ఒక్కొక్కరి అక్షరం ఒక్కొక్క తీరున ఉంది. చూడలేక తల తిప్పుకున్నాను. తిప్పుకున్న తర్వాత కూడా వినిపించింది.

“ఖాదరూ, నీ ‘ఖ’ ఏందప్పా, కాళ్ళు చాపుకొని పండుకుంది?”

“పగలంతా డ్యూటీ చేసింది కదక్కా. పండుకోనీలే.”

నాగన్న పోయాక ఆ ఇంట్లో నవ్వు వినడం అదే మొదటిసారి. నేను కనిపించగానే ఆగింది.

నమోదు 10. జూన్ 22. వేడి 80.

నలభై మూడు పత్రాలు సిద్ధమయ్యాయి. మిగిలింది నా ఇల్లు ఒక్కటే. నా కుడిచేయి ఏది వ్రాసినా మండలి యంత్రం తిరస్కరిస్తుంది. మొత్తం దరఖాస్తు మళ్ళీ వెనక్కి వస్తుంది. హిమజ పోయిన వారమే ఎంతో సంకోచిస్తూ ఈ సంగతి చెప్పింది. నాకు ముందే తెలుసు.

ఆనాటి మధ్యాహ్నమే చౌడమ్మ ఇంటికి వెళ్ళాను. నాగన్న పేరుబండ చెక్కుతోంది. సగం అయింది.

“ఎడమ చేతితో వ్రాయడం నేర్చుకోవాలి,” అన్నాను.

ఉలి కింద పెట్టింది. పక్కనున్న బండను కాలితో నా వైపు తోసింది.

“కూర్చో.”

ఆమె నన్ను ఏకవచనంలో పిలవడం అదే మొదలు. సరిదిద్దలేదు.

ఆరు రోజులు కూర్చున్నాను. ఎడమ చేయి నా మాట వినలేదు. సున్న చుట్టబోతే గడి వచ్చింది. తుడిచి మళ్ళీ మొదలుపెట్టబోతే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

“తుడపద్దు. వచ్చింది వచ్చినట్ల ఉండనీ. నీదేదో తెలియాల కదా?”

ఈరోజు ప్రభుత్వ పత్రం మీద వ్రాశాను. పంక్తి కిందికి జారింది. ఒక వత్తు పక్క అక్షరం మీద పడింది. కాగితం ఒక చోట చిరిగింది. మరొక పత్రం తీసుకోబోయాను.

“చాల్లే,” అంది చౌడమ్మ. నా చేతిలోని పత్రం తీసుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది. “చదివితే తెలుస్తాంది. నేను చింపను.”

ఇంతకన్నా ఆమె నన్ను ఏమీ అనలేదు. ఇప్పటికీ అనలేదు.

నమోదు 11. ఆగస్టు 9. వేడి 38.

ఆమోదం వచ్చింది. నిన్నటితో తవ్వకం పూర్తయింది. కొత్త కేబుల్ నా అరుగు కిందుగా, చౌడమ్మ వాకిలి కిందుగా, చల్లసాల దాకా దిగింది. మూడో మంచం మీద వేరొకరు ఉన్నారు. ఖాదర్‌బాషా మీటరు చూసి “ముప్పై ఎనిమిది సార్!” అని వీధి అంతా వినిపించేలా అరిచాడు. తరువాత ఇరవై ఏడో ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు గొంతు తగ్గించాడు.

నాగన్న బండను గని నోటి దగ్గర నిలబెట్టారు. దాని మీది పేరులో ఒక్క వంపు లేదు. ఇరవై అడుగుల దూరం నుంచి స్పష్టంగా చదవవచ్చు.

ఈ పుస్తకాన్ని ఈరోజు మొదటి నుంచి చదివాను. మూడో నమోదు దగ్గర, నాలుగో నమోదు దగ్గర, ఐదో నమోదులో నేను వ్రాసిన సాక్షి వ్యాఖ్య దగ్గర ఆగాను. కుడిచేతి అక్షరాలు. తీర్చినట్లు ఉన్నాయి. కలం ఎత్తాను. కొట్టివేయనని మొదటి పుటలో ప్రమాణం చేశాను. అలాగే ఉంచాను.

ఈ చివరి నమోదును ఎడమ చేతితో వ్రాశాను. పంక్తులు జారాయి. చదివితే తెలుస్తుంది.